కాకి లెక్క

"గంటే కదండీ!"

ఈ మాట అన్నవాళ్ళని నేనిక క్షమించదలచుకోలేదు. అందులో మావాళ్ళున్నా, మీవాళ్ళున్నా, ఆఖరికి నేనే ఉన్నా సరే. నేనూ ఉన్నాను లెండి. ఆ సంగతి తరవాత చెప్తాను.

కిందటి నెల మా పిన్ని కూతురు కబురు చేసింది, రాజమండ్రి రమ్మని. వాళ్ళమ్మాయికి పెళ్ళిచూపులు. అబ్బాయి వాళ్ళది తిరుపతి. నేను రాజమండ్రిలో పుట్టి తిరుపతిలో కాపురం చేసుకుంటున్నదాన్ని కాబట్టి, రెండూళ్ళ నీళ్ళూ తాగినదాన్ని కాబట్టి, పెద్దదిక్కుగా తీసుకెళ్ళి నన్ను చాప మీద కూర్చోబెట్టారు. అబ్బాయి బుద్ధిమంతుడిలాగే కనిపించాడు. అమ్మాయి వంక చూడటానికి సిగ్గుపడి గోడ మీది గడియారం వంక చూశాడు. కాఫీలయ్యాయి. తాపేశ్వరం కాజాలయ్యాయి. మా చెల్లెలు మాత్రం గుమ్మం పక్కన నిలబడి, చీరకొంగు వేలికి చుట్టుకుంటూ, "అంతా బాగానే ఉంది గానీ అన్నయ్యగారూ, ఒక్కగానొక్క పిల్ల. మరీ దూరమేమోనని..." అంది.

అంతే. అబ్బాయి మేనమామగారు జేబులోంచి ఫోను తీశారు. వేలితో నాలుగు గీతలు గీశారు.

"ఇదుగో చెల్లెమ్మా, చూడు. రాజమండ్రి ఎయిర్‌పోర్టుకీ తిరుపతి ఎయిర్‌పోర్టుకీ మధ్య దూరం 457 కిలోమీటర్లు. ప్రయాణం గంటా అయిదు నిమిషాలు. మీ అమ్మాయికి మీ మీద బెంగ పుట్టటానికే అంతకన్నా ఎక్కువసేపు పడుతుంది!"

అందరూ హాయిగా నవ్వారు. ఫోను చేతులు మారింది. మా మరిది కళ్ళజోడు పైకి తోసుకుని మరీ చదివాడు. పెళ్ళిళ్ళ పేరయ్యగారు, "ఈ రోజుల్లో దూరమేమిటండీ, అంతా గంటల్లోనే!" అంటూ ఇంకో కాజా తీసుకున్నారు. మా చెల్లెలి మొహం విచ్చుకుంది. కొంగు వేలి మీంచి జారిపోయింది.

నా గుండెలో మాత్రం కలుక్కుమంది. ఎందుకంటే ఆ గంట నాకు బాగా తెలుసు. ఆ గంటకి నేనేం చెల్లించానో ఇంకా బాగా తెలుసు.

ముందు లెక్క సంగతి చూద్దాం. మావారు లెక్కల్లో గట్టివారు. నేను బి.ఏ. చదివినదాన్ని కాబట్టి నాకు కూడికలు రావని ఆయన నమ్మకం. అందుకని ఆయన పక్కన కూర్చునే ఈ లెక్కంతా కట్టాను. తప్పులుంటే సగం ఆయనవి.

ఆ 457 కిలోమీటర్లు అబద్ధమేమీ కాదు. మధురపూడి రన్‌వే మీద ఒక చుక్క, రేణిగుంట రన్‌వే మీద ఒక చుక్క పెట్టి, మధ్యన భూమి వంపు వెంబడి దారం లాగి పట్టుకుంటే వచ్చే కొలత అది. ఆ కొలతని జెట్ విమానం వేగంతో, అంటే గంటకి దాదాపు 800 కిలోమీటర్లతో భాగించి, పైకి లేవటానికీ కిందికి దిగటానికీ ఓ అరగంట కలిపితే గంటా అయిదు నిమిషాలు. భాగహారం శుద్ధంగా ఉంది. అయితే అసలు ఆ దారిలో విమానం ఉందా, ఉంటే వారంలో ఏయే రోజుల్లో ఉంది, ఏ వేళకి ఉంది అన్న గొడవ ఆ భాగహారానికి పట్టదు. రెండు చుక్కలుంటే చాలు, అది లెక్క చెప్పేస్తుంది. రేపు మా పెరట్లో జామచెట్టుకీ మీ వీధిలో నీళ్ళ టాంకుకీ మధ్య ఎంతసేపని అడిగినా ఠక్కున చెప్తుంది.

ఇంకోటి. మన చిన్న ఊళ్ళ మధ్య తిరిగేవి చాలామటుకు ఆ జెట్ విమానాలు కావు. రెక్కలకి రెండు పంకాలు తిరుగుతుండే ఏటీఆర్ విమానాలు. వాటి వేగం గంటకి 500 కిలోమీటర్లు, ఆ చుట్టుపక్కల. అది తప్పు పని చేస్తోందని కాదు, చిన్న దారికి అదే సరైన బండి. కాని నేరుగా వెళ్ళినా గాలిలోనే గంట అయిపోతుంది. మరి టైంటేబుల్లో వేసే టైము ఎప్పట్నుంచి ఎప్పటిదాకా అనుకున్నారు? విమానం చక్రాల కింద పెట్టిన దిమ్మలు తీసి అది కదిలిన దగ్గర్నుంచి, అవతలి ఊళ్ళో ఆగి మళ్ళీ దిమ్మలు పెట్టేదాకా. అంటే అది విమానం ప్రయాణం చేసిన టైము. మనిషి ప్రయాణం చేసిన టైము కాదు. మనుషులు చక్రాల దిమ్మల దగ్గర పుట్టి పెరగరు కదా!

తప్పుడు లెక్కని మనం కాకిలెక్క అంటాం. ఈ 457 అచ్చంగా కాకి లెక్కే. నిజంగా కాకైతే ఆ దారం వెంట ఎగిరి వెళ్ళగలదేమో. దానికి టిక్కెట్టు అక్కర్లేదు. పెట్టె సర్దనక్కర్లేదు. అత్తగారిని అడగనక్కర్లేదు.

ఆడది ప్రయాణం మొదలుపెట్టేది విమానాశ్రయంలో కాదు, వంటింట్లో. రెండు రోజుల ముందు. ఇడ్లీపిండి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టాలి. కందిపొడి కొట్టి సీసాకెత్తాలి. మామగారి మందులు పొద్దుటివి, మధ్యాహ్నానివి, రాత్రివి విడివిడిగా పొట్లాలు కట్టి పేర్లు రాయాలి. పాలవాడికి చెప్పాలి. పనిమనిషి ఆ రెండు రోజులూ నాగా పెట్టకుండా బతిమాలాలి. గ్యాస్ బండ మార్చటం వచ్చా అని మావారిని అడగాలి. వచ్చని ఆయన అన్నా నమ్మకూడదు. ఇంత చేసి, గుమ్మంలో చెప్పులు వేసుకునేటప్పుడు మావారు, "గంట ప్రయాణానికి ఇంత హడావిడా?" అంటారు. ఆ గంటలో ఈ రెండు రోజులెక్కడ కలిశాయి? ఏ ఫోనులో కనిపిస్తాయి?

2023లో ఒకరోజు పొద్దున ఆరింటికి మా అన్నయ్య ఫోను చేశాడు. అమ్మ స్నానాలగదిలో జారిపడింది, తుంటి ఎముక విరిగింది, మధ్యాహ్నం ఆపరేషన్ అన్నాడు. ఆ రోజు నేరు విమానం లేదు. హైదరాబాదు మీదుగా వెళ్ళాలి. మ్యాపు ఒకసారి మనసులో తెచ్చుకోండి. తిరుపతికి రాజమండ్రి ఈశాన్యాన ఉంది. హైదరాబాదేమో వాయవ్యాన ఉంది. ముక్కేదిరా అంటే చెయ్యి తలచుట్టూ తిప్పి చూపించినట్టు, తిరుపతి నుంచి హైదరాబాదుకి గాలిలో 418 కిలోమీటర్లు, అక్కణ్ణించి రాజమండ్రికి 360. మొత్తం 778. ఫోనులో 457 కిలోమీటర్లున్న ఊరికి!

ఎనిమిదింటికి ఇంట్లో బయల్దేరాను. తిరుపతి ఊళ్ళోంచి రేణిగుంట విమానాశ్రయం 15 కిలోమీటర్లుంటుంది. బయల్దేరే టైముకి గంట ముందే కౌంటర్ మూసేస్తారు కాబట్టి అంతకన్నా ముందే వెళ్ళి లైనులో నిలబడ్డాను. పదిన్నరకి విమానం కదిలింది. పదకొండూ ముప్పావుకి శంషాబాద్‌లో దిగాను. రాజమండ్రి విమానం నాలుగూ ఇరవైకి. నాలుగున్నర గంటలకి పైగా ఆ అద్దాల మేడలో కూర్చున్నాను. చుట్టూ వెలుగే, చల్లదనమే, ఘుమఘుమలే. మా అమ్మని లోపలికి తీసుకెళ్ళారని అన్నయ్య చెప్పినప్పుడు నా ఎదురుగా ఎవరో పాప ఐస్‌క్రీం తింటోంది. ఆ పాప నన్ను చూసి నవ్వితే నేనూ నవ్వాను. ఏం చెయ్యను? సాయంత్రం అయిదున్నరకి మధురపూడిలో దిగి, అక్కణ్ణించి ఊళ్ళోకి వచ్చి, ఆస్పత్రి మెట్లెక్కేసరికి ఆరూ ముప్పావు.

కూడండి. గాలిలో ఉన్నది రెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు. గుమ్మంలోంచి ఆస్పత్రి గుమ్మందాకా పది గంటల నలభై అయిదు నిమిషాలు. రాత్రి పూట తిరుమల ఎక్స్‌ప్రెస్‌లో పడుకుంటే పన్నెండు గంటలకి అటూ ఇటూగా చేరతాం. ఆ పొద్దున కొన్న టిక్కెట్టేమో మా ఇంటి నెల సరుకుల ఖర్చుకి రెండింతలు. అయినా ఒప్పుకుంటాను, విమానం వల్లనే ఆ రోజు సాయంత్రానికి చేరాను. రాత్రి రైలుకైతే మర్నాటికి గానీ చేరేదాన్ని కాదు. విమానాన్ని తిట్టటం లేదు నేను. తిట్టేది గంటని.

మత్తు ఇచ్చేముందు మా అమ్మ, "అది వచ్చిందా?" అని అడిగిందట. "వచ్చేస్తోందమ్మా, గంటలో వచ్చేస్తుంది," అన్నాడట అన్నయ్య. పాపం వాడూ ఆ మాటే అన్నాడు.

దేవుడి దయవల్ల అమ్మ కోలుకుంది. ఆ పది రోజులూ నేను అక్కడే ఉన్నాను. ఆపరేషన్ అయితే తప్ప అన్ని రోజులుండటానికి నాకు వీలవలేదన్న మాట అప్పుడే తట్టింది. ఒకరోజు అమ్మ మందుల చీటీ కోసం బీరువా సొరుగు లాగితే పాత క్యాలెండర్ల కట్ట కనిపించింది. ఎర్ర అంకెల పెద్ద క్యాలెండర్లు, పాలలెక్కలు వేసుకునేవి. ప్రతి ఏడాదిదీ దాచింది. కొన్ని తేదీల చుట్టూ పసుపు కొమ్ముతో సున్నాలు చుట్టి ఉన్నాయి. ఏమిటమ్మా ఇవి అంటే, "నువ్వున్న రోజులే," అంది, పాలలెక్క చెప్పినంత మామూలుగా.

కూర్చుని లెక్కపెట్టాను. 2009లో సంక్రాంతికి 11, వేసవికి 12, మొత్తం 23 సున్నాలు. 2019లో రెండూ మూడూ కలిపి 5.

ఏమైంది ఆ పదేళ్ళలో? నాకు అమ్మ మీద ప్రేమ తగ్గిందా? లేదు. రాజమండ్రి దూరం జరిగిందా? లేదు. విమానం వచ్చింది.

2001లో నాకు పెళ్ళయినప్పుడు, "మూడు నదులు దాటించి ఇస్తున్నారమ్మా పిల్లని," అని మా బామ్మ ఏడ్చింది. గోదావరి, కృష్ణ, పెన్న. రైలెక్కితే ఒక్కొక్కటీ వరసగా వచ్చేవి. రాజమండ్రి దాటగానే గోదావరిలో రూపాయి బిళ్ళ వేసి దణ్ణం పెట్టుకునేదాన్ని. ఒక రాత్రంతా ప్రయాణం కాబట్టి, ఆ కష్టానికి తగ్గట్టు పది రోజులు ఉండి రమ్మనేవారు మా అత్తగారు. "అంత దూరం వెళ్ళి రెండు రోజుల్లో ఏం వస్తావు, ఉండిరా," అనేవారు. ఆ దూరం నాకు శత్రువనుకున్నాను. కాదు. ఆ దూరమే నా తరఫున వకాల్తా పుచ్చుకుని వాదించేది.

2018 సంక్రాంతికి మొదటిసారి విమానంలో వెళ్ళాను, హైదరాబాదు మీదుగా. ఆ పండగ ముందు మామగారు ఫోను చూసి, ఎంతో సంతోషంగా, "ఇంకేమమ్మా, గంట ప్రయాణమే అయిపోయింది. కనుమ నాటికి వచ్చెయ్యచ్చు," అన్నారు. ఆయన మంచివారు. నన్ను కష్టపెట్టాలని అన్నది కాదు. కాని ఆ ఒక్క మాటతో నా పదకొండు రోజులు రెండు రోజులయ్యాయి. ఎందుకు అన్ని రోజులు, గంటే కదా? ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళచ్చు, గంటే కదా? ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళచ్చు కాబట్టి ఇప్పుడెందుకు? ఈ మెట్లు ఒక్కొక్కటే దిగి చూడండి, కింద ఏముంటుందో. ఎప్పుడూ వెళ్ళకపోవటం ఉంటుంది.

ఇదీ నా ఫిర్యాదు. విమానం రెండూళ్ళ మధ్య దూరాన్ని తగ్గించలేదు. ఆడపిల్ల పుట్టింట్లో ఉండే రోజుల్ని తగ్గించింది. ఆ మిగిలిన టైము ఎవరికి మిగిలింది? ఇడ్లీపిండికి మిగిలింది.

వస్తూ వస్తూ తెచ్చుకునేవీ తగ్గాయి. రైలువాడు ఏనాడూ నా ఆవకాయ జాడీని తూచలేదు. బెర్తు కింద జాడీ, ఆత్రేయపురం పూతరేకుల పెట్టె, అరటిగెల, మా నాన్న కోసిచ్చిన కంద. విమానంలో పెట్టెకి 15 కిలోలు, చేతిలోకి 7 కిలోలు. తూకం మీద పెట్టి, అమ్మ ఇచ్చినవాటిలో ఏది తీసేద్దామా అని అక్కడే పెట్టె తెరుచుకుని కూర్చున్న ఆడవాళ్ళని మీరూ చూసే ఉంటారు. నేనూ కూర్చున్నాను. కందే తీసేశాను.

ఇది నా ఒక్కదాని గోడైతే మా అమ్మకి ఉత్తరం రాసుకుని ఊరుకునేదాన్ని. దేశం మొత్తానికీ ఇదే కథ. చిన్న ఊళ్ళని విమానాలతో కలపాలన్న ఆలోచన పాతదే. 1981లోనే వాయుదూత్ అని ఒక సంస్థని దానికోసమే పెట్టారు. అది పదిహేనేళ్ళు కూడా సొంతకాళ్ళ మీద నిలబడలేదు. 2016లో ఉడాన్ పథకం ప్రకటించారు. 2017 ఏప్రిల్ 27న మొదటి విమానం సిమ్లా నుంచి ఢిల్లీకి ఎగిరింది. అదే రోజు మన కడప కూడా హైదరాబాదుతో కలిసింది. దాదాపు 500 కిలోమీటర్ల గంట ప్రయాణానికి, కేటాయించిన సీట్ల వరకు 2,500 రూపాయలు మించకూడదన్నారు. మూడేళ్ళపాటు నష్టాన్ని పూడ్చటానికి ప్రభుత్వం సాయం చేస్తుందన్నారు. ఉద్దేశం మంచిదే, కాదనను. మరి జరిగిందేమిటి? 2023లో కాగ్ నివేదిక చెప్పింది. మొదటి మూడు విడతల్లో 774 దారులు కేటాయిస్తే, 403 దారుల్లో విమానం ఎగరనే లేదు. ఎగిరిన 371 దారుల్లో మూడేళ్ళూ నిండినవి 112. ఆ తరవాత కూడా 2023 మార్చి నాటికి నిలబడినవి 54.

చదవగానే నవ్వొచ్చింది నాకు. మూడేళ్ళు! పెళ్ళయిన కొత్తలో, "మీ అమ్మాయిని ప్రతి పండక్కీ పంపుతాం," అన్న మాట కూడా సరిగ్గా మూడేళ్ళే నిలబడుతుంది. ఆ తరవాత పిల్లల పరీక్షలొస్తాయి.

దారి మూతపడినా విమానాశ్రయాలు ఉంటాయి. వాటి మధ్య దారం ఉంటుంది. ఆ దారం కొలత ఉంటుంది. కాబట్టి ఫోనులో గంట ఉంటూనే ఉంటుంది. విమానం లేని గంట! ఎదురుపడ్డ ప్రతివాళ్ళూ మన మొహాన కొట్టటానికి పనికొచ్చే గంట!

ఇప్పుడు నా తప్పు చెప్తానన్నానుగా. కొన్నేళ్ళ కిందట నేను రాసిన ఒక సీరియల్లో కథానాయికకి తండ్రికి జబ్బుగా ఉందని కబురొస్తుంది. నేనేం రాశానో తెలుసా? ఆమె విమానం ఎక్కి, గంటలో తండ్రి మంచం పక్కన వాలిందని రాశాను. ఒక్క వాక్యం! పెట్టె లేదు, తూకం లేదు, శంషాబాద్ లేదు. అమ్మాయి చీర కుచ్చిళ్ళు కూడా నలగలేదు. ఆ వారం ఒక పాఠకురాలు ఉత్తరం రాసింది. "మేడం, మీ కథానాయిక ఎక్కిన విమానం నంబరు చెప్తారా? మా ఊరికీ మా నాన్న ఊరికీ మధ్యన నేను పదిహేనేళ్ళుగా దానికోసమే వెతుకుతున్నాను," అని. అప్పుడు నవ్వుకుని పక్కన పెట్టేశాను. ఆమె చేసింది వేళాకోళం అనుకున్నాను. అది వేళాకోళం కాదని 2023లో శంషాబాద్‌లో కూర్చున్నప్పుడు తెలిసింది. ఆమె ఈ పత్రిక చదువుతుంటే, అమ్మా, నన్ను క్షమించు. ఆ విమానానికి నంబరు లేదు. మాలాంటి నవలలు రాసేవాళ్ళూ, పెళ్ళిళ్ళ పేరయ్యలూ కలిసి నడుపుతున్న విమానం అది.

"అయితే అమ్మాయిల్ని ఊళ్ళోనే ఇచ్చుకోమంటావా? విమానాలు ఆపెయ్యమంటావా?" అన్నారు మావారు ఇదంతా విని. అబ్బే, అదేం లేదు. దూరం ఇవ్వండి. మనసున్న చోట దూరమైనా ఇవ్వండి. పక్కవీధిలో ఇచ్చినా పుట్టింటి గడప తొక్కనివ్వని ఇళ్ళున్నాయి. సముద్రాల అవతల ఇచ్చినా ఏడాదికి నెల్లాళ్ళు పంపే ఇళ్ళూ ఉన్నాయి. విమానాలూ రావాలి, రోజూ రావాలి, నేరుగా రావాలి. నేననేదల్లా ఒక్కటే. ఆడపిల్లకి ఇచ్చే మాటని కిలోమీటర్లలోనూ నిమిషాల్లోనూ ఇవ్వకండి. అవి ఎవరూ ఇవ్వక్కర్లేదు, భూగోళమే ఇస్తుంది. మీరు ఇవ్వవలసింది రోజులు.

పెళ్ళిచూపుల దగ్గరికి వద్దాం. అందరూ నవ్వుతున్నప్పుడు మా చెల్లెలి కూతురు లోపలి గదిలోకి వచ్చి నా పక్కన చతికిలబడి, "పెద్దమ్మా, గంటేనట. నిజమేనా?" అంది. కళ్ళల్లో అంత ఆశ పెట్టుకుని అడిగితే ఏం చెప్పను? నిజమే అంటే దాని తల్లి చేత పసుపుకొమ్ము పట్టించినదాన్నవుతాను. కాదంటే సంబంధం చెడగొట్టినదాన్నవుతాను. ఆఖరికి అన్నాను: "నాకు తెలీదే. అతన్నే మూడు ప్రశ్నలడుగు. ఏడాదికి ఎన్నిసార్లు? వెళ్ళినప్పుడు ఎన్నాళ్ళు? ఆ టిక్కెట్టు ఎవరి డబ్బుతో, ఎవరిని అడిగి కొనుక్కోవాలి?"

పిల్ల గట్టిదే. ఇద్దర్నీ మాట్లాడుకోమని పెరట్లోకి పంపినప్పుడు అడిగేసింది. అరగంట తరవాత వచ్చి నాకు చెప్పింది. మొదటి రెండిటికీ అతను వెంటనే ఏమీ చెప్పలేదట. "ఇవి నేనెప్పుడూ ఆలోచించలేదండీ. మా అమ్మ పుట్టింటికి ఎప్పుడు వెళ్ళేదో కూడా నాకు గుర్తులేదు. ఇంటికెళ్ళి అమ్మని అడిగి చెప్తాను," అన్నాడట. మూడోదానికి మాత్రం, "మీ ఉద్యోగం మీది, మీ డబ్బు మీది, అడగటమెందుకు?" అన్నాడట.

మేనమామగారికి కోపం వచ్చింది. కొనుక్కునేముందే బేరాలా అన్నారు. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ ఎవరో నాకు అర్థం కాలేదు గానీ, పెద్దవారు కదా అని ఊరుకున్నాను. మా మరిది నా వంక గుర్రుగా చూశాడు. మా చెల్లెలు మటుకు మళ్ళీ కొంగు వేలికి చుట్టుకోవటం మొదలుపెట్టింది. దాన్ని ఏడిపించినందుకు నాకూ బాధగానే ఉంది. కాని ఇప్పుడు చుట్టుకుంటే నయం. ఇరవై ఏళ్ళ తరవాత క్యాలెండర్లు లెక్కపెట్టుకునేకన్నా.

అతని దగ్గర్నుంచి ఇంకా జవాబు రాలేదు. వాళ్ళమ్మని అడుగుతున్నట్టున్నాడు. ఆవిడ ఏం చెప్తుందోనని నాకు ఆ అబ్బాయి జవాబు కన్నా ఎక్కువ ఆత్రంగా ఉంది.

మర్నాడు పొద్దున తిరుగుప్రయాణం. పిట్టగోడ మీద కాకి అరిస్తే మా అమ్మ చేతికర్ర పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది, ఎవరొస్తున్నారో చూడటానికి. ఎవరూ రావటం లేదు. నేనే వెళ్తున్నాను.

"మళ్ళీ ఎప్పుడే?" అంది.

అలవాటు కొద్దీ గంటే కదమ్మా అన్న మాట నా నోటిదాకా వచ్చింది. మింగేశాను. పెట్టె దించి, ఫోను తీసి మావారికి చెప్పాను, నాలుగు రోజులాగి వస్తానని. గ్యాస్ బండ అయిపోయిందన్నారాయన. మార్చటం వచ్చన్నారుగా, మార్చుకోండి అన్నాను.

అమ్మ లోపలికి వెళ్ళి క్యాలెండర్ దగ్గర నిలబడింది.